రెండో గొడుగుకు లావు అక్షరాలు

"ఇది ప్రేమ సినిమా పేరా, సిమెంటు బస్తా మీది పేరా?"

కౌస్తుభ్ తల ఎత్తి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. సగం తడిసి ఉంది. జుట్టు పిండుకుంటూ గోడకు అంటించిన కాగితం వైపు గుర్రుగా చూస్తోంది. ఆ కాగితం మీద అతను గీసిన 'రెండో గొడుగు' అనే సినిమా పేరు ఉంది.

ఫిలింనగర్ కొండ మీద పోస్టర్లు చేసే ఆఫీసు అది. అమ్మాయి పేరు హిమజ. దర్శకుడు రఘునందన్ దగ్గర అసిస్టెంటు. సినిమా పేరు బాగా రాయించుకెళ్లి ఆయన చేత సరేననిపించడం ఆమె పని.

కౌస్తుభ్ మాటల మనిషి కాదు. కాకినాడ నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆఫీసులో అతని గొంతు విన్నవాళ్లు తక్కువ. అతని అక్షరాలకు మాత్రం నోరుంది. కంపాస్ పెట్టి తిప్పిన గుండ్రాలు, స్కేలు పెట్టి లాగిన గీతలు, అంతే. సున్న నిండు చందమామ. 'గ' విప్పిన గొడుగు. ప్రతి గీతా అరటిబోదె అంత లావు.

"ప్రేమంటే సన్నగ, తీగ లెక్క రాస్తరు గదా," అంది హిమజ.

"అందరూ అలాగే రాస్తారండీ. బస్సులో పోయేవాడికి ఒక్కటీ కనపడదు." గోడ మీది కాగితం వైపు చూసి అన్నాడు, "ప్రేమ లావుగా ఉండకూడదా?"

నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

"ఉండొచ్చు. గానీ ఊపిరాడాలె. గీ ఫోన్ల చూడుండ్రి, 'డ' పొట్ట మూసుకపోయింది."

నిజమే. హోర్డింగు మీద పులిలా ఉండే అక్షరం ఫోనులో నల్లటి ముద్దయింది.

మర్నాటికల్లా అతను అక్షరాల లోపలి తెలుపంతా పెంచాడు. చూసుకుంటే ఎక్కడా వంక లేదు. అప్పుడు ఒకటి తట్టింది. వంక లేకపోతే ఆ అమ్మాయి ఇక రాదు.

సున్నను కొంచెం చిన్నది చేసి పంపాడు.

ఆమె వచ్చింది. "సున్నకు జరమొచ్చిందా? చిక్కిపోయింది."

ఇంకోసారి 'డు' కొమ్ము సాగింది. మరోసారి 'గు' తలకట్టు ఒరిగింది. ప్రతిసారీ వానలో కొండెక్కి వచ్చేది. పక్కన కూర్చుని దిద్దించేది. టీ తాగేది. మాటలన్నీ ఆమెవే.

"కళ్లు చూపించుకోవయ్యా," అన్నాడు ఆఫీసు యజమాని సుబ్రహ్మణ్యం.

"మా రహమత్ నగర్ల మంచి డాక్టరున్నడు సార్, నేను తోలుకపోత," అంది హిమజ.

కళ్ల డాక్టరు దగ్గరికైనా సరే, ఆమెతో వెళ్లడం బాగానే ఉంటుందనుకున్నాడు కౌస్తుభ్.

ఒక సాయంత్రం ఆమెకు ఫోనొచ్చింది. వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. వచ్చి ఊరికే కూర్చుంది. ఆమె ఊరికే కూర్చోవడం అతను చూడటం అదే మొదటిసారి.

"ఏమైందండీ?"

"రేపటికి టైటిల్ ఇయ్యకుంటే డైరెక్టర్ పని వేరే ఆఫీసుకు ఇస్తడంట. నన్ను గూడ తీసేస్తడంట. ఒక్క పేరు రాయించుకరానికి చేతగాదా అన్నడు."

కౌస్తుభ్ కంప్యూటరులో ఇంకో బొమ్మ తెరిచాడు. 'రెండో గొడుగు'. ఏ లోపమూ లేదు.

హిమజ చాలాసేపు చూసింది. "గిదెప్పుడు చేసినవ్?"

"మీరు సిమెంటు బస్తా అన్న మర్నాడు."

"మరి నన్నెందుకు తిప్పినవ్?"

"మీరు వస్తారని."

హిమజ బొమ్మను పెన్ డ్రైవులో ఎక్కించుకుని వానలోనే దిగి వెళ్లిపోయింది.

పేరు విడుదలైంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర హోర్డింగు లేచింది. దర్శకుడు మెచ్చుకున్నాడు. హిమజ ఉద్యోగం నిలిచింది. ఆమె మాత్రం కొండెక్కలేదు, ఫోను చెయ్యలేదు. కౌస్తుభ్‌కు అన్నం సహించలేదు.

తనంతట తను ఎవరికీ ఫోను చేసి ఎరగడు. ఒక ఉదయం చేశాడు.

"హలో," అంది ఆమె.

ఇటు చప్పుడు లేదు.

"మాట్లాడుతవా, పెట్టెయ్యాల్నా?"

"పెట్టెయ్యకండి." ఊపిరి పీల్చుకున్నాడు. "తప్పు చేశానండీ. నావల్ల మీ ఉద్యోగం పోయేది. చూడాలని ఉంటే చూడాలని ఉందని చెప్పాలి గానీ అలా తిప్పకూడదు. ఇప్పుడు చెబుతున్నాను. మీరంటే నాకు ఇష్టం. మీరు రాకపోతే ఆఫీసు బోసిగా ఉంది."

ఇన్ని మాటలు అతను ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

అవతల ఏదో గిన్నె చప్పుడైంది. తర్వాత హిమజ మెల్లగా అంది, "నేను పిండి పిసుకుతున్న. ఫోను స్పీకర్ల ఉంది. మా అమ్మ పక్కనే ఉంది."

కౌస్తుభ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంతా విన్న బిడ్డా," అంది ఒక పెద్ద గొంతు. "మా పిల్లను కొండెక్కించినోనివి నువ్వేనా?"

"నేనేనండీ."

"కాళ్లు గుంజుతున్నయని రోజు తిట్టింది నిన్ను. తిట్టుకుంటనే ఇస్త్రీ చున్నీ ఏసుకొని పోయింది."

"అమ్మా, ఊకో," అంది హిమజ.

"నువ్వూకోయే. గిన్ని దినాల సంది మూతి ముడుసుకొని కూసున్నదెవరు? బిడ్డా, ఐతారం అన్నానికి రా. మాట్లాడకున్నా ఏం ఫికర్ లేదు. మాట్లాడెటోళ్లం మేమిద్దరమున్నం."