శత్రువు మోకాళ్ళు

“వాణ్ని చంపు. మధ్యాహ్నంలోపు,” అన్నాడు ఫెయిదోన్.

గ్రీకుల దీవి కెరీనా. దాని రేవుకి ఫెయిదోన్ పెద్ద. రహస్య వ్యవహారాలన్నీ ఆయన చేతిమీదే నడుస్తాయి. ఎదురుగా చేపల బుట్టతో నిలబడ్డ మనిషి పేరు తిమాంద్రోస్. చేపలమ్మేవాడిలా కంపు కొడుతున్నాడు గానీ, ఆ దీవిలో అతన్ని మించిన సీక్రెట్ ఏజెంట్ లేడు. బుట్టలో చేపల కింద కత్తి ఉంది.

“ఎవర్ని?”

“స్కోపస్‌ని. పారశీకుల మనిషి. మన మగాళ్ళంతా యుద్ధానికి పోయారని, ఊరు ఖాళీగా ఉందని వాళ్ళకి చెప్పబోతున్నాడు. కొండకొమ్ము వెనక వాళ్ళ ఓడలు కాచుక్కూర్చున్నాయి. సూర్యుడు నడినెత్తికి రాగానే కంచు డాలు మెరిపిస్తాడు. అదే సిగ్నల్. అది రాకపోతే ఇక్కడ సైన్యం ఉందనుకుని వెళ్ళిపోతారు.”

తిమాంద్రోస్ పెళ్ళాం నిండు చూలాలు. ఊరు తగలబడితే పరుగెత్తలేదు. దొరికిందా, బానిసల సంతలో బిడ్డని కంటుంది. అతను ఇంకేమీ అడగకుండా బుట్ట ఎత్తుకున్నాడు.

సంతలో నికరెతా ఎదురైంది. ఆమె పిల్లనగ్రోవి వాయిస్తే రేవు రేవంతా పని మానేసి వింటుంది. చెవులకి బంగారం, కళ్ళకి కాటుక, రెండు పక్షాలకీ వార్తలు. అసలు సిసలు డబుల్ ఏజెంట్.

“ముళ్ళు లేని చేప ఉందా?” అంది. అది కోడ్.

“సముద్రంలో ఉంది.”

“వాడు కొండమీద గుళ్ళో ఉన్నాడు,” అంది గొంతు తగ్గించి. “జియస్ బలిపీఠం ఎక్కి కూర్చున్నాడు.”

తిమాంద్రోస్ తలెత్తి కొండవైపు చూశాడు. “అక్కడికెందుకెళ్ళాడు?”

“నువ్వొస్తున్నావని నేనే చెప్పా. పారిపోతాడనుకున్నా. ఊరూ బతుకుతుంది, వాడూ బతుకుతాడని...”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది.”

కొండెక్కి చూస్తే ఆమె చెప్పింది నిజమే. స్కోపస్ పీఠం మీద తీరిగ్గా కూర్చున్నాడు. చేతిలో శరణుకి గుర్తుగా ఉన్ని చుట్టిన ఆలివ్ కొమ్మ, ఒళ్ళో తళతళలాడే డాలు. శరణు కోరి ఆ పీఠం ఎక్కినవాడి మీద చెయ్యి వెయ్యకూడదు. ఫెయిదోన్ తాత ఒకసారి ఒకణ్ణి అక్కణ్ణుంచి ఈడ్పించి చంపించాడు. ఆ ఏడు ఊళ్ళో పుట్టిన బిడ్డల్లో ఒక్కరూ ఏడవలేదు.

“ఏం బావా, చేపలు తాజావేనా?” అన్నాడు స్కోపస్.

తిమాంద్రోస్ ముసలి పూజారిణి వైపు తిరిగాడు. “అమ్మా, వాడి చుట్టూ తెర కట్టిస్తే?”

“కట్టకూడదు నాయనా. శరణన్నవాడికి ఎండ ఆపినా, నీళ్ళు ఆపినా, కొట్టినట్టే లెక్క.”

“మరి వాడు ఊరంతా తగలబెట్టిస్తాడే!”

“తెలుసు,” అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. “నా మనవరాళ్ళూ కిందే ఉన్నారు.”

కత్తి విసిరితే గురి తప్పదు. విసిరితే పుట్టబోయే బిడ్డకి శాపం, విసరకపోతే తల్లీబిడ్డలకి సంకెళ్ళు. కింద తన ఇంటి కప్పులోంచి పొయ్యి పొగ లేస్తోంది. తిమాంద్రోస్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

స్తంభాల నీడ పొట్టిదైపోయింది. స్కోపస్ డాలు అంచు పట్టుకున్నాడు.

అవసరం వస్తే గాడిద కాళ్ళయినా పట్టుకోవాలంటారు. తిమాంద్రోస్ కత్తి గుడి బయటికి గిరవాటేసి, పరుగున వెళ్ళి స్కోపస్ ముందు కూలబడ్డాడు. ఒక చేత్తో వాడి మోకాళ్ళు చుట్టేసి, రెండో చేత్తో గడ్డం పట్టుకున్నాడు. డాలు వాడి ఒడికీ ఇతని ఛాతీకీ మధ్య ఇరుక్కుపోయింది.

“నీ శరణు. మా ఊరి జోలికి రాకు.”

“ఇదేం పని? వదులు. అమ్మా, వీణ్ని లాగెయ్యండి.”

“ఎలా లాగుతాం?” అంది పూజారిణి. ఆవిడ గొంతులో ప్రాణం లేచొచ్చింది. “వాడూ శరణన్నాడు. నువ్వే తన్నేసెయ్. కాకపోతే పీఠం దగ్గర శరణార్థిని తన్నినవాడికి దేవుడి రక్ష ఉండదు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు రాళ్ళు పట్టుకుని నిలబడ్డారు, చూసుకో.”

స్కోపస్ చూశాడు. కాలు కదపలేదు. ఎండ నడినెత్తి దాటింది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. చాలాసేపటికి కొండకొమ్ము వెనకనుంచి తెరచాపలు బయటపడి, సముద్రం వైపు తిరిగి, చిన్నవై మాయమయ్యాయి.

అప్పుడు స్కోపస్ నవ్వాడు. వంగి, తిమాంద్రోస్ చెయ్యి పట్టి లేవనెత్తాడు.

“లే. నీ మొర విన్నాను. నీ ఊరు నీకిచ్చాను. అమ్మా, మీరే సాక్షి.”

పూజారిణి ముఖం మాడిపోయింది. మొర విన్నవాడికి హాని తలపెట్టకూడదు. వాడు ఇకమీదట తిమాంద్రోస్ ఇంటి అతిథి. వాడి ఒంటిమీద రాయి పడితే ఆ పాపం తిమాంద్రోస్ గడపకే. ఆడవాళ్ళు ఒక్కొక్కరే రాళ్ళు కింద పడేశారు. 

స్కోపస్ అతని భుజం మీద చెయ్యేసి మెట్లు దిగాడు. “ఇంతకీ మీ ఇంట్లో ఈ పూట ఏం వండారు బావా?”

“పప్పు,” అన్నాడు తిమాంద్రోస్ పళ్ళు నూరుతూ. “మా ఆవిడ కడుపుతో ఉంది, వంగి వడ్డించలేదు. నేనే వడ్డిస్తాను.”