గంట లేని దిబ్బ

మదీనాగూడ దాటి మాదాపూర్ వైపు బండ్ల బాటలో పోతే ఎడమ చేతికి ఒక మట్టి దిబ్బ, దాని మీద కూలిన దొర కోట — గడి — కనిపించేవి. ఆ దిబ్బకు మంచి పేరు లేదు. పొద్దుగూకాక పశువు అటు తప్పిపోయినా తెల్లవారేదాకా ఎవరూ వెతకబోయేవారు కారు.

రాత్రి ఎనిమిదింటికి దిబ్బ మీద గంట మోగేది. గంట మాత్రం లేదు. ఇరవై మూడేళ్ళ కింద ఊరు విడిచిపోతూ దొర దాన్ని బండి మీద వేయించుకుపోయాడు.

గడి నడిచిన రోజుల్లో ఆ గంట వినగానే ఊళ్ళో పొయ్యిలు, దీపాలు ఆర్పాలి. దొర హుకుం. ఒక రాత్రి పెళ్ళాం పురిటి నొప్పులు పడుతుంటే సాయిలు అనే రైతు దీపం ఆర్పలేదు. అతణ్ణి గడికి పిలిపించారు. దిబ్బ ఎక్కుతుంటే చూసినవాళ్ళున్నారు... దిగుతుంటే చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు కొట్టేది సాయిలేననీ, కొట్టాక ఏ ఇంట్లో వెలుతురుందో చూడటానికి దిగి వస్తాడనీ ఊరంతా నమ్మింది. ఎనిమిది దాటితే అక్కడ అగ్గిపుల్ల కూడా గీసేవారు కారు.

రామ్మోహనరావు నమ్మలేదు. ఆయనది గోదావరి జిల్లా. కూకట్‌పల్లి బడిలో చరిత్ర చెబుతూ, కిరాయి తక్కువని ఈ ఊళ్ళో గది తీసుకున్నాడు. రెండేళ్ళ కిందటి ప్రత్యేక తెలంగాణ గొడవల నుంచి, ఎవరైనా తనను చూసి నవ్వితే ఎందుకు నవ్వారా అని ఆలోచించడం ఆయనకు అలవాటైంది.

ఏటా పిల్లలకు నార్మన్ల పాఠం చెప్పేవాడు. ఈ ఊరివాడే అయిన బడి బంట్రోతు ఎల్లేశం గుమ్మంలో నిలబడి వినేవాడు.

"నార్మన్లు పదివేలకు మించరు. సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో పదిహేను లక్షల శాక్సన్లను లొంగదీశారు. యుద్ధం ఒక్కరోజులో గెలిచారు. తర్వాత ఊరూరా మట్టి దిబ్బ పోయించి దాని మీద కోట కట్టారు. ఆ మట్టి మోసింది శాక్సన్లే. భూములు లాక్కుని తమవాళ్ళకు పంచారు. ఎదురుతిరిగిన ఉత్తరాది ఊళ్ళు తగలబెట్టారు. రాత్రి ఎనిమిదికి గంట కొట్టించి పొయ్యిలు ఆర్పించారంటారు. ఇరవై ఏళ్ళకు మనుషుల్ని పంపి, ఎద్దులతో నాగళ్ళతో సహా లెక్క రాయించారు. యుద్ధం గెలవడం సరే... అంతమందిని అన్నేళ్ళు ఎలా పట్టి ఉంచారు?"

పిల్లలు వెళ్ళాక ఎల్లేశం అడిగాడు.

"గా నార్మనోళ్ళు మా దొరకు ఏమైతరు సారూ?"

రామ్మోహనరావు నవ్వాడు. తర్వాత, ఎందుకు నవ్వానా అనుకున్నాడు.

డెబ్బై ఒకటిలో జనాభా లెక్కలు వచ్చాయి. ఆ ఊరి లెక్క రాసే పని ఆయనకే పడింది. మొదటిరోజే నీలమ్మ అనే ముసలామె దారికి అడ్డంగా నిలబడింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. దిబ్బ వెనక గుడిసెలో ఒక్కతే ఉంటుంది.

"నా గుడిసెకు నంబరు ఎయ్యి బిడ్డా. నంబరుంటెనే రేషను కార్డట. నిరుడు జొన్న గటక లేక నాలుగు దినాలు మంచినీళ్ళు తాగి పన్న."

పటేలు లింగమూర్తి అది విన్నాడు. ఆమె వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు.

"అది దొర భూమి సారూ. నంబరు పడితె రేపు జాగ నాదే అంటది. అయినా దయ్యం తిరిగే కాడ రాత్రి ఎవరు పంటరు? ఖాళీ అని రాయుండ్రి. జర సోచాయించుండ్రి... మీరు ఊరికి కొత్త."

రామ్మోహనరావు సోచాయించాడు. దిబ్బ చుట్టూ పన్నెండెకరాల గడ్డి పటేలే కోయించుకుంటున్నాడు. దయ్యం ఉన్నన్నాళ్ళు ఇంకెవరూ అటు పోరు. ఇంకో సంగతి — కంచు మోగితే చివర చాలాసేపు సాగుతుంది. దిబ్బ మీది మోత సాగదు. తెగిపోతుంది. అది మనిషి కొట్టే ఇనుము. ఆ మనిషి పటేలు మనిషి.

మార్చి నెలాఖరు రాత్రి ఎక్కడ ఎవరు పడుకుంటే అక్కడ చూసి రాయాలి. ఆ రాత్రి నీలమ్మ అక్కడ కనబడితే నంబరు. లేకపోతే లేదు.

ఎనిమిదికి పది నిమిషాలుండగా ఎల్లేశాన్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఊరి చివర, దిబ్బకు ఎదురుగా పటేలు ఇల్లు. అరుగు మీద పెట్రోమాక్సు వెలుగులో పటేలు, పక్కనే ఇద్దరు జీతగాళ్ళు. రామ్మోహనరావు గోడ మూలన ఆగి ముగ్గుర్నీ చూస్తూ నిలబడ్డాడు. ఒక్కడు లేచినా చాలు...

ఎవరూ లేవలేదు.

ఠంగ్.

పటేలు చేతిలో బీడీ జారిపోయింది. వంగి పెట్రోమాక్సు గాలి తీశాడు. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే ఊరు లేదు... చీకటి ఉంది.

అయితే — ఎవరు?

"నేనిగ రాను సారూ," ఎల్లేశం గుసగుసగా అన్నాడు.

"ఇక్కణ్ణుంచే టార్చి కొట్టు. చాలు."

"టార్చి గూడ వెలుతురే గద సారూ."

రామ్మోహనరావు ఒక్కడే ఎక్కాడు. సన్నటి నెలవంక. కాలి కింద పెంకులు. మూడు... నాలుగు... దెబ్బకూ దెబ్బకూ మధ్య తన ఊపిరి తనకే వినిపిస్తోంది. అయిదోది మోగినప్పుడు అరికాళ్ళు అదిరాయి. చప్పుడు పైనుంచి రావడం లేదు — భూమిలోంచి వస్తోంది.

బురుజు మొదట్లో గడి ధాన్యపు పాతర నోరు తెరుచుకుని ఉంది. వంగి చూశాడు. లోపల తెల్లగా జుట్టు. పైకి లేచిన చెయ్యి. వేలాడుతున్న రైలు పట్టా ముక్క.

ఎనిమిదో దెబ్బ పడింది. ఆ తల పైకి లేచింది. చీకట్లో అంచున నిలబడ్డ మనిషి ఆకారం చూసి, చేతులు జోడించింది.

"వచ్చినవా సాయిలన్నా... అందరు ఆర్పిన్రు. నాది గూడ ఆర్పుత. నన్నేమనకు."

నీలమ్మ.

"నేనమ్మా... లెక్కల సారును."

ఆమె మెట్లెక్కి వచ్చింది.

"గంట కొట్టుడు మా ఇంటి వెట్టి. దొర పోయేనాడు గంటను బండిల వేయించిండు. మా మామను పిలిచి, నేనొచ్చేదాంక మోగుడు ఆగొద్దన్నడు. గంట లేకుంట ఎట్ల దొరా అని అడిగే ధైర్యం మా మామకు లేకపాయె. గీ ఇనుము తెచ్చి కట్టిండు. ఆయనెనుక నా మొగడు. ఇప్పుడు నేను."

"దొర పట్నంలో చనిపోయి పదేళ్ళయిందటగా?"

"గట్లనే అంటరు." గొంతు ఇంకా తగ్గించింది. "ఆపుమని మాత్రం ఎవ్వరు చెప్పలే గద బిడ్డా."

ఆయన వెంట గుడిసెకు నడిచింది. పొయ్యి మీద గటక సగం ఉడుకుతోంది. గిన్నె దించి, చెంబెడు నీళ్ళు నిప్పుల మీద పోసింది. ఆయన చీకట్లోనే రాసుకున్నాడు — ఒకరు, స్త్రీ.

పొద్దున గుడిసె తలుపు మీద ఎర్ర జాజుతో నంబరు చూసి పటేలు దారిలో ఆపాడు.

"రాత్రి ఉన్నదా ఆమె?"

"ఉంది. చూశాను."

"మరి గంట... కొట్టేది?"

చెబితే ఇరవై మూడేళ్ళ చీకటికి ఊరు ఎవరి మీద పడుతుందో రామ్మోహనరావుకు తెలుసు. ఆ నంబరు సాయంత్రందాకా కూడా ఉండదు.

"ఫారంలో ఆ ప్రశ్న లేదండి," అన్నాడు.

ఆ రాత్రి గదిలో లాంతరు ముందు కూర్చుని మర్నాటి పాఠం తిరగేశాడు. పదివేల మంది... పదిహేను లక్షల మంది... పక్కన పెన్సిలుతో ఏదో రాయబోయాడు.

ఠంగ్.

ఎవరు కొడుతున్నారో తెలుసు. దేంతో కొడుతున్నారో తెలుసు. ఎనిమిది దెబ్బలూ మనసులో లెక్కపెట్టుకున్నాడు.

రాద్దామని మళ్ళీ వంగితే పుస్తకం కనబడలేదు. ఆరిన ఒత్తి వాసన వేసింది. లాంతరు మర మీద ఉన్నది తన చెయ్యే.