అతిథి అక్కర

అంగారకుడి మీద ఉమ్మడి అనే దేశంలో, కంచం ముందు కూర్చున్న మనిషిని “ఇంకాస్త వడ్డించమంటారా?” అని అడగడం నేరం కాదు గానీ, మర్యాద మాత్రం కాదు. అడిగితే ఎదుటి మనిషి మొహమాటపడుతుంది. మొహమాటపడితే అబద్ధమాడుతుంది. ఆ అబద్ధాన్ని సమూలంగా పెరికేశామన్నదే ఆ దేశపు గొప్ప.

అందుకే మొదటి రోజు భోజనశాల గుమ్మంలో నిలబడి, భూమి నుంచి అతిథిగా వచ్చిన హైమవతి “నాకు కొంచెం చాలండీ, ప్రయాణంలో కడుపు పాడైంది,” అంటే ఎవరూ వినిపించుకోలేదు.

“నోటితో చెప్పక్కర్లేదు, హైమవతిగారూ. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టండి,” అంది ఆమెకు తోడుగా ప్రభుత్వం నియమించిన తరళ.

గుమ్మం పక్కన గోడలో అరచేయంత రాగిపలక ఉంది. దాని పైన పచారీ కొట్లో పాతకాలపు తూకం మిషనుకు ఉన్నట్టు గుండ్రటి ముఖం, అందులో ఒక ముల్లు. దాని పేరు అక్కరమాని. ఉష్ణమాని వేడిని కొలిచినట్టు ఇది అక్కరను కొలుస్తుంది. చెయ్యి ఆనించగానే పలకలోని నాడీగ్రాహకాలు, అంటే న్యూరల్ సెన్సర్లు, రక్తంలో ఏమి తక్కువైందో, మనసు దేనికి కొట్టుకుపోతోందో రెండూ చదివి, రెంటినీ కలిపి ఒకే కొలతగా చూపిస్తాయి. ముల్లు ఎంత కుడికి వాలితే అక్కర అంత ఎక్కువ. ఆ కొలత పంపకాల కంప్యూటర్‌కు చేరుతుంది. దేశంలో ఉన్న తిండీ వేడీ వెలుగూ ఎవరికెంత వెళ్ళాలో, ఎవరు ఏ పనికి వెళ్ళాలో అది నిర్ణయిస్తుంది. మంత్రులకు సంతకాలు పెట్టడం తప్ప వేరే పని లేదు. వాళ్ళకు ఆ అక్కర కూడా ఉందని కంప్యూటర్ గుర్తించబట్టి ఆ సంతకాలైనా మిగిలాయి.

హైమవతి చెయ్యి పెట్టింది. ముల్లు కుడికి వాలింది, ఇంకా వాలింది. తరళ ముఖంలో నవ్వు కాస్త తగ్గింది.

“అంత ఆకలిగా ఉందా నాకు!” అని హైమవతి సిగ్గుపడింది.

తలుపు తెరుచుకుంది. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. వేడిగాలికి కళ్ళద్దాలు మసకబారాయి. గుత్తి వంకాయ కూర, మామిడికాయ పప్పు, ఎక్కడి నుంచో మల్లెపూల వాసన. రెండొందల మంది ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు నవ్వుకుంటూ తింటున్నారు. చట్టప్రకారం ఆడా మగా అందరూ ఒకరినొకరు ‘సహచరి’ అని పిలుచుకోవాలి. కానీ తెలుగువాళ్ళు కదా, “సహచరి పిన్నిగారూ, కాస్త ఆ నెయ్యి ఇటు” అనుకుంటున్నారు.

హైమవతికి కళ్ళు చెమర్చాయి. ఆమె తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైంది. మనుషులు పంచుకుని బతకగలరని జీవితమంతా నమ్మింది. పెళ్ళైన కొత్తలో భర్త, ఆ తర్వాత కొడుకు, చివరికి అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా ఆ నమ్మకాన్ని వెక్కిరించారు. ఆమె మెచ్చుకుని వ్యాసాలు రాసిన దేశాలన్నీ ఒక్కొక్కటే దారి మార్చుకున్నాయి. ఆమె మెచ్చుకోవడం వల్లే మార్చుకున్నాయని కొడుకు అంటూ ఉంటాడు. ఇక మిగిలింది ఈ ఒక్కటి, అదీ పై గ్రహం మీద.

రికార్డరు తీసి తన అనుభవాలు చెప్పుకుంది: “ఇక్కడ చలికి ముడుచుకున్న మనిషి నాకు ఒక్కరూ కనిపించలేదు. ఈ నవ్వులు నేర్పిస్తే వచ్చేవి కావు.”

అది నిజమే. ఎవరూ నేర్పలేదు. వెచ్చగా ఉండి కడుపు నిండితే ఎవరైనా నవ్వుతారు.

అక్కరమానిని కనిపెట్టిన శాస్త్రవేత్త అంబుజవల్లి తరళకు స్వయానా అత్తగారని తెలిశాక, ఆవిడను చూడాలని హైమవతి పట్టుబట్టింది. “విశ్రాంతిలో ఉన్నారండీ” అని తరళ రెండు రోజులు దాటేసింది. మూడో రోజు భోజనాలయ్యాక, ఏదో తేల్చుకున్నట్టు, “పదండి,” అంది.

భోజనశాల దాటి రెండు మలుపులు తిరిగేసరికి దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలుగుతున్నాయి. ఇంకో మలుపు తిరిగితే అవీ లేవు. అంబుజవల్లి గది గోడకు మంచు పేరుకుని ఉంది. మంచం మీద నాలుగు దుప్పట్ల కింద ఒక పిట్టంత మనిషి. మాట కన్నా ముందు నోట్లోంచి ఆవిరి వచ్చింది.

“రండి, రండి. కుర్చీ చల్లగా ఉంటుంది, ఈ దుప్పటి వేసుకు కూర్చోండి. నాకేం చలి లేదు,” అని దగ్గింది. చాలాసేపు దగ్గింది.

“చూశారా! యంత్రం కనిపెట్టిందీ ఈవిడే, ఈ ఊళ్ళో ఇంకా అబద్ధాలాడేదీ ఈవిడే,” అంది తరళ.

“ఊరుకోవే. వచ్చిన మనిషి ముందు...”

హైమవతి మాట మార్చడానికి, ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగింది.

“మా అమ్మ వల్ల,” అంది అంబుజవల్లి. “అందరం తిన్నాక గిన్నె అడుగు గీకి తినేది. పెరుగు మాకు పోసి తను మజ్జిగ పోసుకునేది. అదేమంటే ‘నాకు ఆకలి లేదే’ అనేది. మా ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. నమ్మితే మాకే లాభం కదా మరి. పెద్ద చదువులు చదివాక తెలిసింది, ప్రపంచంలో సగం ఆర్థికశాస్త్రం ఆ ఒక్క అబద్ధం మీద నడుస్తోందని. ఆ మాటను చెవిన పెట్టకుండా అరచేతినే అడిగే మిషను చెయ్యాలనుకున్నాను.”

“ఎంత గొప్ప ఆలోచన! మరి మీ గది ఇలా ఉందేమిటండీ?”

“రియాక్టర్ ముసలిదైంది, నాలాగే. రోజుకు ఇంత వేడే ఇస్తుంది. ఉన్నదాన్ని ముల్లు చెప్పినట్టు పంచుతారు. నా ఊపిరితిత్తుల అక్కర ఇంత. ఈ వారం ఇంకొకరి అక్కర నాకన్నా ఎక్కువ వచ్చింది. న్యాయమే కదా. టీ తాగుతారా?”

“ఎవరిదండీ?”

“తరళా, టీ పెట్టు.”

తరళ కదల్లేదు. “మీదేనండీ,” అంది.

హైమవతికి వెంటనే అర్థం కాలేదు. తరళ నిలబడే చెప్పింది. “మీకు కావలసింది వంకాయ కూర కాదు. ఈ దేశం బావుందని కళ్ళారా చూడాలి మీరు. మా అత్తయ్యకి ఊపిరి ఎంత అవసరమో మీకది అంతకన్నా ఎక్కువ అవసరమని ముల్లు చెప్పింది. అందుకని హాల్లో దీపాలు, వేడి, మల్లెపూలు. కాస్త నవ్వుమొహాలున్న వాళ్ళకి అక్కడ కూర్చునే డ్యూటీ. అదంతా ఎక్కడి నుంచి వస్తుంది? ఇదిగో, ఈ గోడల్లోంచి.”

“తరళా!” అంది ముసలావిడ.

“చెప్పనివ్వండి అత్తయ్యా. రెండేళ్ళ కిందట ఒక విలేకరి వచ్చాడండీ. మేమంటే ఒళ్ళు మంట ఆయనకి. ఆయనకి కావలసిందల్లా చీకటి, చల్లారిన సాంబారు, నాలుగు బిక్కమొహాలు. మిషను ఆయన అక్కరా తీర్చింది, హాల్లో హీటర్లు ఆపేసి. ఆ మిగిలిన వేడంతా ఇళ్ళకొచ్చింది. ఆయన ఉన్నన్నాళ్ళూ మేం దుప్పట్లు మడిచి అటక మీద పెట్టాం.”

హైమవతి ముఖం పాలిపోయింది. “అయితే నన్ను లెక్కలోంచి తీసెయ్యండి. నాకేమీ వద్దు.”

“నోటిమాట అది వినదమ్మా,” అంది అంబుజవల్లి మెల్లగా. “ఒక మనిషిని లెక్కలోంచి తీసెయ్యడానికి దారి పెడితే, రేపు ఎవరెవర్ని తీసేస్తారో. అందుకే ఆ దారే పెట్టలేదు.”

“పోనీ ఒంటి అక్కరా మనసు అక్కరా వేరు వేరుగా తూచి ఉండాల్సింది కదండీ?”

“అలా తూస్తే మా అమ్మకి పెరుగు దక్కేది, అంతే. ఆవిడకి కావలసింది పెరుగొక్కటే అనుకున్నారా?”

తరళే మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి. “ఒక్కటే దారి ఉందండీ. మీరు పలక మీద చెయ్యి పెట్టకపోతే పాత కొలత రేపటికి చెరిగిపోతుంది. మీ నౌక బయలుదేరేదాకా హాలుకి రాకండి. గదికే అన్నం తెచ్చి పెడతాను. అన్నిసార్లూ అది వెచ్చగా ఉండకపోవచ్చు. ఈ చలి ఇంకో రెండు రోజులుంటే అత్తయ్య తట్టుకోలేరని డాక్టరు చెప్పేశారు.”

“ఎంత మాటమ్మా! నేను రాను. ఒట్టు,” అంది హైమవతి, ముసలావిడ చేతులు పట్టుకుని. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

మర్నాడు ఆమె గదిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం తరళ ఉప్మా తెచ్చింది. ఆమె ముఖం వికసించి ఉంది. “అత్తయ్య గోడ మీద మంచు కరిగిపోయిందండీ. దగ్గు తగ్గింది. పొద్దున్నే నాతో పోట్లాడారు కూడా, నేను చేసిన ఉప్మాలో ఉండలున్నాయని. మీ రుణం తీర్చుకోలేను.”

హైమవతి సంతోషించింది. ఉప్మాలో ఉండలున్న మాట నిజమే.

తరళ వెళ్ళాక ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. ఈ మూడు రోజులూ చూసిన వీధి కాదది. దీపాలు తగ్గాయి. జనం తలల మీదుగా కంబళ్ళు కప్పుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నడుస్తున్నారు. వేడినీళ్ళ సంచి కోసం ఇద్దరు ఆడవాళ్ళు తగువులాడుకుంటున్నారు. “నీ ముల్లు ఎప్పుడు చూసినా కుడికే ఉంటుందే! ఏం తక్కువైందే నీకు?” అని ఒకామె అరుస్తోంది. నెయ్యి అడిగిన గొంతే అది.

హైమవతి తెర వేసేసింది.

తెర వేస్తే కనబడకుండా పోయేది కాదది. అయితే ఆ బల్ల, ఆ నవ్వులు, అన్నీ తన కోసం పెట్టినవేనా? పిల్లలకు పాఠాలు చెప్పిందీ, ఇంట్లో మాటలు పడిందీ, అన్నీ ఇందుకేనా? “చెప్పానా అమ్మా” అనే కొడుకు గొంతు ఇంత దూరానికి ఎలా వచ్చిందో వచ్చింది.

ఆ మర్నాడు భోజనం వేళకు ఆమె చెప్పులు వేసుకుంది. చెయ్యి పెట్టను, గుమ్మంలోంచి ఒక్కసారి చూసి వచ్చేస్తాను, అనుకుంది. కానీ చెయ్యి పెట్టకుండా ఆ తలుపు తెరుచుకోదు. తలుపు అవతల మాటలు వినిపిస్తున్నాయి, నవ్వులో తగువులో తెలియడం లేదు. ఆమె చాలాసేపు నిలబడింది. ఉన్న నిజం తెలిసిపోయింది కనుక ఇప్పుడు తన అక్కర తగ్గే ఉంటుంది అనుకుంది. దొరికేకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందన్న క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పిన మనిషి. ముల్లు పడిపోతే తరళకే చూపించవచ్చు, ఇక భయం లేదని.

పలక మీద చెయ్యి ఆనించింది.

ముల్లు గిరుక్కున తిరిగి, కుడివైపు చివరన ఉన్న మేకుకు టక్కున కొట్టుకుని, అక్కడే వణుకుతూ నిలిచింది.

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనే అనుకుంది. ఈలోగా తలుపు తెరుచుకుంది. హాలు ఎన్నడూ లేనంత వెలుగుతో నిండింది. వెచ్చటి గాలి ఒళ్ళంతా చుట్టుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు. వేడినీళ్ళ సంచికి కొట్టుకున్న ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఆమెకు కాస్త చోటిచ్చారు. “రండి సహచరి వదినగారూ, నిన్న కనబడలేదేం?”

హైమవతి కూర్చుంది.

ఆ సాయంత్రం అంబుజవల్లి పోయింది.

హైమవతి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు. ఆ పెద్దావిడకు జరగవలసిన గౌరవం జరగాలని ఆమె ఎంత కోరుకుందో, అంత్యక్రియల ఉదయం హాలు గుమ్మంలో అక్కరమానే నమోదు చేసింది. అందుకే గుమ్మటం కిందున్న పెద్దవీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెచ్చబడింది. దీపాలన్నీ వెలిగాయి. జనమంతా కంబళ్ళు తీసేసి శవయాత్రలో నడిచారు. వెచ్చదనానికి వాళ్ళ మొహాలు ప్రశాంతంగా ఉన్నాయి. శవం మీద మల్లెపూలు ఎంతసేపటికీ వాడలేదు.

తరళే నౌక దాకా సామాను మోసి పెట్టింది.

నౌకలో కూర్చున్నాక హైమవతి రికార్డరు తీసింది. చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుంది. చివరికి చెప్పింది: “ఇక్కడ ఒక వృద్ధురాలి అంతిమయాత్ర చూశాను. పెద్దవాళ్ళను ఇంత వెచ్చగా చూసుకునే దేశం మరొకటి లేదు.”

ఏడాది గడిచింది. ఆ వ్యాసం భూమి మీద చాలామంది చేత కంటతడి పెట్టించిందట. ఒకరోజు పంపకాల కంప్యూటర్‌ను చూసుకునే ప్రభంజనం, అందరికీ బాబాయి వరస, హాలు గుమ్మంలో తరళను ఆపాడు. చేతులు రుద్దుకుంటున్నాడు.

“వచ్చే నౌకలో నలభై మంది దిగుతున్నారే అమ్మాయ్. మంత్రిగారు సంతకం పెట్టేశారు.”

“ఎవరట వాళ్ళు?”

“హైమవతిగారి వ్యాసం చదివి బయలుదేరారు. అందరూ మనమంటే ప్రాణం పెట్టేవాళ్ళే.”

తరళ గోడ వైపు చూసింది. మంచు అప్పుడే రాగిపలక అంచు దాకా వచ్చింది. కంబళి దగ్గరికి లాక్కుంది.

“నలభై మందిలో ఒక్క శత్రువైనా లేడా, సహచరి బాబాయ్?” అని అడిగింది.