సోమవారానికి చచ్చిన బ్యాటరీ

రొవీనా గ్లక్ తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి ఆమె కనురెప్పల మీద మంచు ఇంకా కరగలేదు. జనవరి నెల, కెనడాలోని సస్కటూన్, బయట మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. డిటెక్టివ్ ఇర్మా స్టాడ్నిక్ ఆమెకి కుర్చీ చూపించింది. సహాయకుడు కెల్విన్ కాఫీ అందించాడు.

"నా లైసెన్సు పోయేలా ఉంది మేడం," అంది రొవీనా. "పదకొండేళ్లుగా పని వ్యాన్లకి అరలు, బ్యాటరీలు, వైరింగు బిగిస్తున్నాను. శుక్రవారం పశువుల డాక్టరు ఫేర్ గారి వ్యాను పూర్తిచేశాను. మందుల ఫ్రిజ్ నడిపే బ్యాటరీని నిండా ఛార్జి చేసి ఇంటికెళ్లాను. సోమవారం ఆయనొచ్చి చూస్తే సున్నా! నా వైరింగులోంచే కరెంటు కారిపోయిందట. సాయంత్రం నా మీద లైసెన్సు ఆఫీసుకి ఫిర్యాదు వెళ్తుంది."

"కారిపోయిందని తేల్చిందెవరు?"

"మా షాపు మేనేజరు డ్వేన్. ఓనరు లార్న్‌కి బావమరిది."

"అతనికి వైరింగు తెలుసా?"

"టై కట్టుకోవడం తెలుసు."

ఇర్మా కోటు తొడుక్కుంది.

షెడ్డులో ఎదురొచ్చిన డ్వేన్ టై నిజంగానే బాగుంది. మనిషిలో మెచ్చుకోదగ్గది అదొక్కటే. బావ పెట్టిన కుర్చీలో కూర్చుని, తానే కుర్చీని కనిపెట్టినట్టు మాట్లాడే రకం.

"శని, ఆదివారాలు వ్యాను ఈ వెచ్చటి షెడ్డులోంచి అంగుళం కదల్లేదండీ," అన్నాడు. "బావ రెజైనా ఊళ్లో మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటలకి వెళ్లాడు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఆడవాళ్ల చేతికి వైర్లిస్తే ఇంతే మరి!"

ఇర్మా వ్యాను వెనక్కి వెళ్లి, బ్యాటరీ లెక్క చూపే చిన్న తెరని నొక్కింది. రెండు రోజుల చరిత్రా అందులో ఉంది. శనివారం రాత్రి నాలుగు గంటలపాటు ఒకేలా ఏడువందల యాభై వాట్లు, తర్వాత సున్నా. బ్యాటరీ చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ పదిహేడు.

"ఫ్రిజ్ అయితే ఆగి ఆగి నడుస్తుంది కదా మేడం," అన్నాడు కెల్విన్ అబ్బురపడుతూ. "ఇంత తిన్నగా గీత ఎలా వచ్చింది?"

"అబ్బురం తర్వాత. ముందు రాసుకో."

ఆమె ముందువైపుకి వచ్చి వంగింది. చలిలో ఇంజిన్ని వెచ్చగా ఉంచే హీటరు వైరు బంపరు కింద వేలాడుతోంది. దాని చీటీ మీద కూడా 750 వాట్లు అనే ఉంది. ముందు సీటు కింద పొడుగాటి వైరొకటి దొరికింది. తలుపు సందులో పడి నలిగినట్టు ఒకచోట నొక్కుకుపోయి ఉంది.

అరగంటలో ఓనరు లార్న్, డ్వేన్, రొవీనా, డాక్టర్ ఫేర్ వ్యాను చుట్టూ చేరారు.

"వైరింగులో లోపముంటే కరెంటు రోజుల తరబడి సన్నగా కారుతుంది," అంది ఇర్మా. "ఇక్కడ నాలుగు గంటల్లో ఎవరో తోడేశారు. పైగా ఈ వెచ్చటి షెడ్డులో బ్యాటరీ మైనస్ పదిహేడుకి ఎలా దిగింది? బండి బయటికెళ్లింది. తీసుకెళ్లినవాడెవడో గానీ వట్టి దద్దమ్మ. ఇంత చలిలో ఇంజిన్ హీటరుకి ప్లగ్గు పెట్టకుండా రాత్రంతా వదిలేశాడు!"

ఈ ఊళ్లో మగవాణ్ణి అంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేం. డ్వేన్ మొహం జేవురించింది.

"ఎవరు వదిలేశారు? గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతున్నా సరే, ప్లగ్గు పెట్టకుండా నేను పడుకోను!"

ఇర్మా అతనివైపు తిరిగింది.

"ఓహో! సరస్సు మీద కరెంటు స్తంభం ఎక్కడుంది నాయనా?"

"వ్యాన్లోనే ప్లగ్గుందిగా..." డ్వేన్ లార్న్ వైపు తిరిగాడు. "ఈ బ్యాటరీ ఇల్లంతా నడిపిస్తుందని మనమే చెప్తాం కదా బావా..."

"ఆ నలిగిన వైరు తలుపు సందులోంచి లాగి, బండి ఇంజిన్ని బండి బ్యాటరీకే తగిలించావు. హీటరు దాన్ని పీల్చేసింది," అంది ఇర్మా. "తిరిగొచ్చేటప్పుడు ఇంజినే బ్యాటరీని నింపుతుందనుకున్నావు. గడ్డకట్టే చలిలో ఆ బ్యాటరీ ఛార్జి తీసుకోదు, పాడైపోతానని ఆపేసుకుంటుంది. బ్యాటరీకున్న బుద్ధి నీకు లేకపోయింది! పైగా నీ తప్పు ఈమె నెత్తిన రుద్దావు."

లార్న్ గొంతు సవరించుకున్నాడు.

"సరేలే రొవీనా, ఏదో జరిగిపోయింది. ఫిర్యాదు చించేస్తాను. రేపు పనిలోకి వచ్చెయ్."

"తెర చూడండని మూడుసార్లు బతిమాలాను," అంది రొవీనా. "మీ బావమరిది మాట విన్నారు గానీ, పదకొండేళ్ల నా పనిని ఒక్కసారి చూడలేదు. ఫిర్యాదు చించెయ్యండి. రేపు మాత్రం నేను రాను."

డాక్టర్ ఫేర్ చేతి తొడుగులు తీశాడు. "నాకింకా ఐదు వ్యాన్లు చేయించాలి. ఎక్కడికి తీసుకురమ్మంటారు?"

"ఎప్పుడైనా ఇక్కడికే తెచ్చెయ్యండి డాక్టరుగారూ!" అన్నాడు లార్న్ ఇంత నవ్వు నవ్వుతూ.

"ఆయన అడిగింది నిన్ను కాదయ్యా," అంది ఇర్మా.