ఇత్తడి రింగు

సాయంత్రపు ఎండ ఇంకా పోలేదు. పార్కు మూసే వేళ కావడంతో జనం పలచబడ్డారు. కూతురు పిచ్చుకను రంగులరాట్నం ఎక్కించే ముందు తల్లి వంగి, దాని బూట్ల తాళ్ళు మరోసారి బిగించింది. రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపింది. ఆ ముడి ఆవిడ తప్ప ఎవరూ విప్పలేరు.

"అమ్మా, కాలు నొప్పి!"

"నొప్పెట్టినా ఫరవాలేదు, జారకూడదు. రాడ్డు గట్టిగా పట్టుకో. ఎవరు పిలిచినా దిగకు. నన్నే చూస్తుండు."

"నిన్నే చూస్తే గుర్రం ఎవరు నడుపుతారు?"

పిల్లకి ఆరేళ్ళు. నోటికి అరవై.

పాతకాలపు చెక్క రాట్నం అది. బయటి వరస గుర్రాలకు బంగారు జూలు, గాజు కళ్ళు, జీను మీద పూలు. లోపలి వరసవి మాత్రం ఒట్టి చెక్క. "చూసేవాళ్ళకి కనబడని వాటికి సోకులెందుకని వదిలేశారమ్మా," అన్నాడు రాట్నం నడిపే ముసలాయన. పక్కన స్తంభానికి వేలాడే రింగులన్నీ ఇనుపవి, ఒక్కటే ఇత్తడిది. తిరుగుతూ చెయ్యి చాచి ఇత్తడిది అందుకున్న పిల్లలకి ఇంకో ఆట ఉచితం.

"మీకెంతమంది పిల్లలు?" అడిగాడు ఆయనే.

"ఒక్కతే."

"అలాగా," అని ఆయన లోపలి వరస వైపు చూశాడు.

పాట మొదలైంది. గ్రీజు వాసన, నానిన చెక్క వాసన. పిచ్చుక చుట్టుచుట్టుకీ చెయ్యి ఊపింది. "అమ్మా, ఇత్తడిది దొరికింది!" మిగతా పిల్లలు దిగిపోయారు. రాట్నం మళ్ళీ కదిలింది. మళ్ళీ దానికే దొరికింది. ఆ తర్వాతా దానికే.

అప్పుడు తల్లికి చిన్న అనుమానం. పిల్ల గౌను పసుపా, నీలమా? తొడిగింది తనే కదా...

తెలివి తెచ్చుకుని చూసుకుంటే, గేటు వైపు నడుస్తోంది. ఇంటికెళ్ళి ఆరేసిన బట్టలు తియ్యాలి అనుకుంటోంది. ఒక్కదాన్నే ఈ పార్కుకి ఎందుకొచ్చినట్టు? తాళాల కోసం సంచిలో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. చిన్న స్వెట్టరు. బిస్కెట్టు వాసన.

తన పిల్లది! పేరు... దాని పేరేంటి? ఏదో పిట్ట పేరు...

పరుగెత్తింది. "ఆపండి! మా పిల్ల..."

"రింగు చేతిలో ఉండగా ఆగదమ్మా," అన్నాడు ముసలాయన.

తిరుగుతున్న రాట్నం మీదకి దూకేసింది. మోకాలు పగిలింది. తలెత్తి చూస్తే... ప్రతి గుర్రం మీదా ఒక పిల్లో, పిల్లాడో. అందరూ చేతులు చాచారు. అందరూ గుసగుసగా ఒకటే మాట.

"అమ్మా..."

ఏ ముఖమూ తెలిసినట్టు లేదు. ఆవిడ ముఖాలు చూడడం మానేసింది. పాకుతూ కాళ్ళు చూసింది. ఊడిన తాళ్ళు... చెప్పులు... వట్టి పాదాలు... రెండు ముళ్ళు. కొసలు లోపలికి.

"నాది! ఇది నాది!"

దాని పిడికిలి విప్పదీసి రింగు విసిరికొట్టింది. పిల్లని చంకనేసుకుంది. లోపలి వరస నుంచి ఎవరో బట్ట పట్టి లాగారు. ఒక్క విదిలింపు విదిలించి దూకేసింది.

దారి పొడుగునా "పిచ్చుక, పిచ్చుక" అని జపం చేస్తూనే ఇల్లు చేరింది. తలుపు గడియ పెట్టాక గానీ ఊపిరి ఆడలేదు.

"అమ్మా," అంది పిచ్చుక మెల్లగా. "అన్నయ్యని ఎందుకు విదిలించేశావు?"

"ఏ అన్నయ్య?"

"లోపలి గుర్రం మీద ఉన్నాడుగా. నీకు కాళ్ళు చూపిస్తూనే ఉన్నాడు. నువ్వు చూడలేదు."

"ఎవరో పిల్లాడులే, తల్లీ. నాకు నువ్వొక్కదానివే."

తల్లి పిల్ల బూట్లు విప్పి, స్టాండులో పెట్టబోయి ఆగిపోయింది. అడుగు అరలో, దుమ్ము కొట్టుకుపోయి, మగపిల్లాడి బూట్ల జత ఒకటి. తాళ్ళకి రెండు ముళ్ళు. కొసలు లోపలికి.

వేలి కొసతో తాకింది.

ముడి ఇట్టే ఊడొచ్చింది.