ఓడలో కెప్టెన్ గారి డ్యూటీ

తెల్లారి ఏడింటికే కెప్టెనమ్మ మొగుడికి గడ్డం గీయడానికి కూర్చుంది. ఓడ గదిలో బాత్రూమ్ మరీ అగ్గిపెట్టంత. ఇద్దరు దూరితే తలుపు పడదు. అందుకని ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ఒళ్లో తువ్వాలు పరిచి, పక్కన మగ్గుతో వేణ్ణీళ్లు పెట్టుకుంది.

"బుగ్గ పూరించండి. ఆ, అంతే. ఇప్పుడు ఇటు తిరగండి. అటు కాదండీ మహానుభావా, ఇటు!"

కెప్టెన్ అంటే ఓడ నడిపే కెప్టెన్ కాదు. ఆయన ముప్పై నాలుగేళ్లు ఒక పెద్ద హోటల్ డైనింగ్ హాల్లో పనిచేశాడు. సర్వర్లందరి మీదా పెత్తనం చేస్తూ, ఏ టేబుల్‌కి ఏం కావాలో కనిపెట్టుకుని ఉండేవాణ్ణి అక్కడ కెప్టెన్ అంటారు. రిటైరై తొమ్మిదేళ్లయినా వీధిలో ఆయనకి ఆ పేరు పోలేదు, ఆయన పెళ్లానికి కెప్టెనమ్మ అన్న పేరూ పోలేదు. ఓడెక్కిన రోజున కొడుకు "ఈ ఓడకి ఇద్దరు కెప్టెన్లు, ఎటు పోతుందో ఏమో" అంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. దేనికి నవ్వుతున్నాడో ఆయనకి తెలీదు.

మతిమరుపు మొదలై మూడేళ్లయింది. ముందు కళ్లజోడు, తాళాలు మర్చిపోయేవాడు. తరవాత ఇంటికి దారి. పోయిన ఏడాది మూడుసార్లు తెల్లవారుజామునే నల్లకోటు తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ హోటల్‌ని ఎప్పుడో పడగొట్టి కార్ల షోరూమ్ కట్టారు. ఆ అద్దాల ముందు నిలబడి "నా హాలేదీ?" అని కాపలా అతనితో పోట్లాట. మూడుసార్లూ కొడుకే తన టైర్ల షాపు మూసుకుని వెళ్లి తీసుకొచ్చాడు.

అలాంటివాళ్లని చూసుకునే హోమ్ ఒకటి కొడుకు చూసిపెట్టాడు. ఒక మంచం ఖాళీ ఉందట. సోమవారంలోగా ఫారం మీద తల్లి సంతకం పెట్టిస్తే ఆయన్ని చేర్చుకుంటారు, లేకపోతే ఆ మంచం ఇంకొకరికి. "పెళ్లయి నలభై ఏళ్లు కదమ్మా, ఓడలో అయిదు రోజులు తిరిగొద్దాం" అని కొడుకు టిక్కెట్లు చేతిలో పెట్టినప్పుడే కెప్టెనమ్మకి విషయం అర్థమైంది. మొగుణ్ణి పంపించెయ్యడానికి ముందు చేసే ముద్దూ ముచ్చటా ఇది. అయినా సరేనంది. ఎందుకంటే ఆవిడ లెక్క ఆవిడకుంది.

తలుపు తట్టి కొడుకూ కోడలూ లోపలికొచ్చారు. కోడలి చేతిలో ఓడవాళ్లు రోజూ పంచే కాగితం.

"అత్తయ్యా, ఇవాళ ఫార్మల్ డిన్నరట! మగవాళ్లకి కోటు ఉండాల్సిందే. నిక్కర్లూ చెప్పులూ వేసుకొస్తే హాల్లోకి రానివ్వరట. ఇంటినుంచి తెచ్చుకున్న వైన్ టేబుల్ దగ్గర తెరిపించుకోవచ్చు గానీ, దానికి వేరే రుసుముందట."

"మన సీసా మనం తాగడానికి వాళ్లకి డబ్బులా? బాగుంది సంబడం!" అని కొడుకు కాసేపు నవ్వి, తండ్రి వైపు చూసి నవ్వు మానేశాడు. "అమ్మా, మనకెందుకీ తలనొప్పి? పైన బఫే ఉంది. అక్కడ ఎలా వచ్చినా ఎవరూ ఏమనరు. సీసా గదిలోనే తెరుద్దాం."

"అంటే మీ నాన్నని నలుగురిలోకి తీసుకెళ్లడానికి నీకు నామోషీగా ఉందన్నమాట."

"నామోషీ ఏంటమ్మా? మొన్న బంధువుల ఇంట్లో ఏమైందో మర్చిపోయావా? పక్కావిడ ప్లేట్లో చెయ్యి పెట్టారు. ఆవిడ కెవ్వుమంది."

"ఆకలేసింది, పెట్టారు. పక్కావిడకేం, ప్రాణం పోయిందా?"

"మావయ్యని అనడం కాదత్తయ్యా," కోడలు మెల్లిగా అంది. "మీరే సగమైపోయారు. అద్దంలో చూసుకుంటున్నారా అసలు?"

కెప్టెనమ్మ రేజరు మగ్గులో పడేసి లేచింది. "ఒక పందెం వేసుకుందాం రా. ఇవాళ రాత్రి ఆ హాల్లో మీ నాన్న నలుగురిలో పెద్దమనిషిలా భోంచేసి వస్తారు. చెయ్యి జారదు, మాట జారదు. వస్తే నువ్వా ఫారం చింపెయ్యాలి. మళ్లీ నా దగ్గర హోమ్ అన్న మాట ఎత్తకూడదు."

"రాకపోతే?"

"రాకపోతే సంతకం పెడతాను."

కొడుకు కోడలి వంక చూశాడు. తల్లి మొండితనం వాడికి కొత్త కాదు. "సరే," అన్నాడు చివరికి. బుగ్గల నిండా సబ్బు నురగతో కెప్టెన్ వాళ్ల ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

ఇక మధ్యాహ్నమంతా ఆ గదిలో ట్యూషనే. కెప్టెనమ్మ టీ ట్రేలోని చెంచాలూ ఫోర్కులూ మంచం మీద పరిచింది. పెళ్లికి ముందు ఆవిడ కూడా అదే హోటల్లో పనిచేసింది, బట్టల గదిలో. రోజుకి రెండొందల నాప్కిన్లు ఇస్త్రీ చేసి మడతపెట్టేది. ఏ ఫోర్కు దేనికో అంతకు ముందు ఆవిడకి తెలీదు. అన్నీ ఆయన నేర్పినవే.

"ఇది సూపుకి. ఇది చేపకి. బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. మీరే కదండీ నాకు చెప్పింది? ఏదీ, సూపు చెంచా తియ్యండి చూద్దాం."

ఆయన నాలుగు చెంచాలూ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో! జేబులో కాదండీ!"

నాప్కిన్ ఒళ్లో పరిస్తే తీసి, మడతపెట్టి పక్కన పెట్టేస్తాడు. కుర్చీలో కూర్చోబెడితే లేచి నిలబడతాడు. నాలుగింటికి కెప్టెనమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. మంచం మీద కూలబడి "ఈ ఒక్క రాత్రికి నా పరువు నిలబెట్టండి, మీకు పుణ్యముంటుంది" అని రెండు చేతులూ జోడించింది. ఆయన ఆవిడ చేతుల వంక ఆసక్తిగా చూశాడు. కోటు తొడిగింది. గుండీలు ఆవిడే పెట్టాల్సి వచ్చింది, ఆయన వేళ్లు ఒకటే వణుకు.

ఏడున్నరకి నలుగురూ హాలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ల ముందు నిక్కరు వేసుకొచ్చిన ఒక పెద్దాయన్ని హాలు సూపర్‌వైజరు వెనక్కి పంపించేస్తోంది. యాభై ఏళ్లుంటాయి ఆవిడకి. గొంతు పెంచకుండా, నవ్వు చెరగకుండా, ఒక్క అడుగు కూడా లోపలికి పెట్టనివ్వకుండా పంపించింది. కెప్టెన్ ఆ తతంగం చూసి తల ఊపాడు. అక్కణ్నుంచి హాలు వంక చూశాడు. తెల్లటి బల్లగుడ్డలు, బారులు తీరిన గ్లాసులు, దీపాలు. ఎప్పుడూ వంగి ఉండే ఆయన నడుము నిటారుగా అయింది.

"చూశావా?" కెప్టెనమ్మ కొడుకు చెవిలో గొణిగింది. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి.

టేబుల్ దగ్గరికి వెళ్లగానే ఆయన కోడలికి కుర్చీ లాగాడు. తరవాత కెప్టెనమ్మకి, కొడుక్కి. తను మాత్రం వెనకాల నిలబడ్డాడు. "నాన్నా, కూర్చోండి" అని కొడుకు భుజం పట్టి కూర్చోబెట్టాడు. సూపు వచ్చింది. ఆయన చెంచా ముట్టుకోలేదు. పక్క టేబుల్ మీద ఖాళీ అయిన నీళ్ల గ్లాసు మీదే ఉన్నాయి ఆయన కళ్లు.

"తాగండి, చల్లారిపోతోంది," అంది కెప్టెనమ్మ.

అంతలో, గుమ్మం దగ్గర అప్పగించిన వాళ్ల వైన్ సీసాని సర్వర్ తెచ్చాడు. రిటైరైన రోజున హోటల్ యజమాని ఇచ్చిన సీసా అది. తొమ్మిదేళ్లు బీరువాలో దాచారు. సర్వర్ దాన్ని బల్ల మీద పెట్టబోతుంటే కెప్టెన్ చటుక్కున లేచి, అతని చేతిలోంచి సీసా, ఓపెనరు రెండూ తీసేసుకున్నాడు.

"నాన్నా!" కొడుకు సగం లేచాడు. కోడలు నోరు నొక్కుకుంది.

కెప్టెన్ అవేమీ విననట్టే సీసా మీద పేరు కొడుక్కి కనపడేలా తిప్పి చూపించాడు. మూతి కింద రేకు గుండ్రంగా కోశాడు. చప్పుడు కాకుండా బిరడా తీశాడు, వాసన చూశాడు, కొడుకు గ్లాసులో కొంచెం పోసి ఆగాడు. రుచి చూసి చెప్పేదాకా ఆగడం పద్ధతి. కొడుకు బిక్కమొహంతో ఒక గుక్క మింగి తలాడించాడు. అప్పుడు ముందు ఆడవాళ్లిద్దరికీ, తరవాత కొడుక్కి పోసి, చివర మణికట్టు చిన్నగా తిప్పాడు. తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు. సాయంత్రం గుండీ పెట్టుకోలేకపోయిన చెయ్యేనా అది!

అంతటితో అయిపోతే బాగుండేది. ఆయన నాప్కిన్ మడిచి ముంజేతి మీద వేసుకుని పక్క టేబుల్‌కి వెళ్లిపోయాడు. ఖాళీ గ్లాసులో నీళ్లు పోశాడు. అక్కడున్న ముసలావిడ జారవిడిచిన ఫోర్కు తీసి, ఇంకోటి తెచ్చి పెట్టాడు. నల్లకోటు, నున్నటి గడ్డం, ఆ నడక! ఆ టేబుల్‌వాళ్లు ఓడ మనిషే అనుకున్నారు.

కొడుకు పరుగెత్తబోతే సూపర్‌వైజరు అడ్డం వచ్చింది. "ఉండనివ్వండి సార్. నేను పక్కనే ఉంటాను. మా వాళ్లని చూసి నేర్చుకోమంటున్నాను."

కోడలూ కొడుకూ ఆ టేబుల్‌వాళ్లకి సంజాయిషీ చెప్పడానికి వెళ్లారు. కెప్టెనమ్మకి అప్పుడు తట్టింది. ముప్పై నాలుగేళ్లలో ఆయన అలాంటి కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. మధ్యాహ్నమంతా తను ఆయనకి కూర్చోవడం నేర్పింది! నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి ఆవిడకి. పోనీలే, చెయ్యీ జారలేదు, మాటా జారలేదు, పందెం నాదే అనుకుంది.

ఆయన ఆవిడ దగ్గరికి వచ్చి, కాస్త వంగి నిలబడ్డాడు.

"ఏమీ తీసుకోలేదే మేడమ్. సూపు బాగాలేదా? మార్చి తెమ్మంటారా?"

కెప్టెనమ్మ నవ్వింది. "చాల్లెండి వేళాకోళం."

"మీతో వచ్చినవాళ్లు వెళ్లిపోయారా? ఎవరి కోసమైనా ఎదురుచూస్తున్నారా మీరు?"

మీరు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది. ఎంతో మర్యాద ఉంది వాటిలో. ఇంకేమీ లేదు.

"మా ఆయన కోసం," అందావిడ.

"వచ్చేస్తార్లెండి. అయినా మీరు కొంచెం ఏమైనా తినండి మేడమ్. మా ఆవిడా అంతే, నేను ఇంటికెళ్లేదాకా మెతుకు ముట్టదు. ఎంత చెప్పినా వినదు. మొండిది." చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎలా ఉంటుంది మీ ఆవిడ?"

"ఈ హోటల్లోనే, కింద బట్టల గదిలో పనిచేసేది. చేతుల నిండా ఇస్త్రీ వాతలే. అయినా చక్కని చేతులు మేడమ్."

కెప్టెనమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ముడతల మధ్య ఆ పాత వాతల మచ్చలు ఇంకా తెల్లగా ఉన్నాయి. "ఇలా చూడండి. సరిగ్గా చూడండి. నేను... నేను ఆవిడలా లేనూ?"

ఆయన చూశాడు. ఇబ్బందిపడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"క్షమించాలి మేడమ్. కస్టమర్లతో అలాంటి మాటలు మాకు తగవు. నేను పెళ్లయినవాణ్ణి."

వంగి నమస్కారం పెట్టి ఇంకో టేబుల్‌కి వెళ్లిపోయాడు.

కొడుకు తిరిగొచ్చేసరికి వాడి కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "అమ్మా, వాళ్లు ఎంత మెచ్చుకుంటున్నారో తెలుసా! ఇలాంటి సర్వీసు ఎక్కడా చూడలేదట. నాన్న ఎక్కడికీ పోలేదమ్మా, ఉన్నారు. నేనే తొందరపడ్డాను. నువ్వు గెలిచావు. ఇంటికెళ్లగానే ఆ ఫారం చింపేస్తా. ఇద్దరం కలిసి చూసుకుందాం. సరేనా?"

నెల రోజులుగా ఈ ఒక్క మాట కోసమే కెప్టెనమ్మ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది.

"చింపకు," అంది.

"ఏంటి?"

"చింపకురా. సంతకం పెడతాను."

"అదేంటమ్మా! అంతా బాగా జరిగితే..."

"అన్నీ గుర్తున్నాయిరా ఆయనకి. ఏ గ్లాసు ఎక్కడ పెట్టాలో, ఎవరికి ముందు పొయ్యాలో అన్నీ గుర్తున్నాయి. నేనే లేను." "ఏడాది నుంచి పొద్దున్న లేస్తూనే 'ఎవరే నువ్వు' అని కసురుతున్నారు. నిద్రమత్తులే అని సరిపెట్టుకున్నా, నీకు చెప్పలేదు. కసిరినా 'ఎవరే' అనే కదా అనేవాళ్లు. పెళ్లాన్నే కదా అలా అంటారు! ఇవాళ నన్ను మీరు అన్నార్రా. మేడమ్ అన్నారు. ఇంట్లో పరాయి ఆడది గడ్డం గీస్తుంటే, స్నానం చేయిస్తుంటే ఆయన ఎంత సిగ్గుతో చచ్చిపోతున్నారో నాకు ఇన్నాళ్లూ తెలీలేదు."

కొడుకు ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూలబడి, చిన్నప్పటిలా ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నిన్ను రాక్షసుడిలా సాధించానమ్మా."

"నువ్వేం సాధించలేదు. నాకంటే ముందే నీకు కనపడింది, అంతే. నిన్ను కఠినాత్ముడని ఎన్ని తిట్టుకున్నానో. లే, నలుగురూ చూస్తున్నారు." కోడలు వెనకనుంచి వచ్చి అత్తగారి భుజాలు పట్టుకుంది. ఆవిడ ఆ చెయ్యి మీద చెంప ఆనించింది. "సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు వాళ్లు?"

"పదింటికి."

"మంచిది."

హాల్లో సగం టేబుళ్లు ఖాళీ అయ్యాయి. కెప్టెన్ దూరంగా ఒక కుర్చీ సర్ది, బల్లగుడ్డ మీద ముడత చేత్తో సాఫు చేస్తున్నాడు.

"ఏవండీ," అని పిలిచింది కెప్టెనమ్మ.

ఆయన తిరిగి చూడలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఊహూ.

ఆవిడ కళ్లు తుడుచుకుని, కస్టమర్లు ఎత్తినట్టు చెయ్యి పైకెత్తింది. ఆయన ఆ మూలనుంచే చూసి, చకచకా నడుచుకుంటూ వచ్చేశాడు.

"చెప్పండి మేడమ్."