ముల్లు కింద ఈల

గ్రామఫోను ప్లేటు పాడటానికి ముందు ఓ చప్పుడు చేస్తుంది. మూకుట్లో ఆవాలు వేయకముందు నూనె చేసే చప్పుడులాంటిది. దాని కోసం నేనూ ప్రభుదాసూ సగం జీవితం పాడుచేసుకున్నాం. ఆదివారం వాడు చర్చి నుంచి వచ్చాక సైకిళ్లేసుకుని పవర్‌హౌస్ బజారులో పాతసామాన్ల కబాడీ కొట్ల వెంట తిరిగేవాళ్లం. స్టీలు ప్లాంటులో రిటైరై సొంతూళ్లకి వెళ్లిపోయే బెంగాలీలూ మలయాళీలూ వదిలేసిన ప్లేట్లు అక్కడికి చేరేవి. భాష తెలియకపోయినా కొనేవాళ్లం. ఇప్పుడు ఫోనులో ఏ పాటైనా దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది, కానీ దానికి వయసు రాదు. ప్లేటుకి వస్తుంది. ఎవరో ఎప్పుడో చెయ్యి వణికి గీసిన గీత దగ్గర ఈనాటికీ పాట ఉలిక్కిపడుతుంది.

మా ఆవిడ నూకమ్మకి ఇదంతా వేళాకోళం. "ఇన్ని ప్లేట్లున్నాయి, ఒక్కదాంట్లోనన్నా ఉప్మా పెట్టుకు తిన్నామేటి?" అంటుంది.

ఆవిడ వేళాకోళానికి దొరికే ఇంకో వస్తువు నా ఊపిరి. విజయనగరంలో బీయస్సీ చదివి ఈ ఊరు వచ్చాను, ఏ ఆఫీసులోనో వేస్తారనుకుంటే ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ల దగ్గర వేశారు. ఆ పొగ పుణ్యమా అని ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల వస్తుంది. చివర్లో రెండుగా చీలుతుంది. "మీరు సందు మలుపు తిరక్కముందే మీ ఈల ఇంటికొచ్చెస్తాది," అంటుంది నూకమ్మ. సరే, ప్రభుదాసు దగ్గరికి వస్తాను.

వాడి దగ్గర ఓ చిన్న ప్లేటు ఉండేది. వాడి భార్య ఫ్లోరా పాడిన కీర్తన. ఎనభైల్లో చర్చివాళ్లు పాడేవాళ్లని కలకత్తా తీసుకెళ్లి కొద్ది ప్లేట్లు కొట్టించారు. మిగిలింది అదొక్కటే. కూతురు సిరి పుట్టిన వారానికే ఫ్లోరా పోయింది. ఏటా సిరి పుట్టినరోజున, తలుపులు మూసుకుని తండ్రీకూతుళ్లిద్దరే ఆ పాట వినేవారు. నేను అడిగితే, "వద్దురా అప్పలసూరీ. పాడిన ప్రతిసారీ ముల్లు కొంచెం తినేస్తుంది. పిల్ల ముసలిదయ్యేదాకా రావాలి ఆ గొంతు," అనేవాడు. నన్ను తాకనిచ్చేవాడు కూడా కాదు. అదీ నా కడుపులో మంట.

మొన్న వానాకాలంలో ప్రభుదాసు పోయాడు. సమాధి చేసిన మర్నాడు సాయంత్రం సెక్టర్ 2లో వాళ్ల క్వార్టర్‌లో ఆదరణ కూడిక పెట్టారు. పాత స్నేహితుణ్ణని నాకు ప్లేట్ల అలమర పక్కనే కుర్చీ వేసింది సిరి. పాస్టరుగారు, "కళ్లు మూసుకుందాం," అన్నారు.

నేను హిందువునే అయినా ఆ ఇంట్లో ప్రార్థన జరిగితే అందరితోపాటు కళ్లు మూసుకునేవాణ్ణి. ఆ రోజు తెరిచాను.

వంచిన తలలు. మూసిన కళ్లు. ప్రార్థన పొడుగ్గా సాగుతోంది. గొడుగు పెట్టుకునే గుడ్డసంచి నా ఒళ్లో ఉంది. చిన్న ప్లేటు ఏ అరలో ఉంటుందో తెలుసు. అట్ట సంచిలోకి సర్రున జారింది... "ఆమేన్," అన్నారందరూ. నేనూ అన్నాను.

అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. నూకమ్మ పక్కింటి భాగ్యరేఖ దగ్గర కూర్చుంది. తడిసిన వేపాకు వాసన, దాని వెనక గాలి తిరిగినప్పుడల్లా ప్లాంటు వైపు నుంచి వచ్చే గంధకం వాసన. దీపం వేయకుండానే ప్లేటు పెట్టాను. నూనె చప్పుడు. ఆర్మోనియం. తర్వాత ఫ్లోరా గొంతు. చనిపోయిన మనిషి పాడే ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాట అయిపోయింది. ముల్లు ఎత్తబోతున్నాను.

"కళ్లు మూసుకుందాం..."

పాస్టరుగారి గొంతు. ప్లేటులోంచి.

కుర్చీ కిర్రుమంది. అట్ట సర్రున జారింది. దాని మీదుగా సన్నగా... ఈల. చివర్లో రెండుగా చీలింది.

ముల్లు ఎత్తేశాను. అప్పుడే ఫోను మోగింది. సిరి.

"మావయ్యా, అమ్మ ప్లేటు కనబడట్లేదు. పూరా ఇల్లు వెతికేశాను. నాన్న మీకేమైనా ఇచ్చారా?"

"నాకెందుకిస్తాడమ్మా? తాకనిచ్చేవాడా?"

"అవును కదా... ఫోనులో ఎక్కిద్దామంటే నాన్న వద్దన్నారు మావయ్యా. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు."

"దొరుకుతుందిలే," అన్నాను.

ఫోను పెట్టేసి మళ్లీ ప్లేటు పెట్టాను. నా చెవుల భ్రమేమో చూద్దామని. ప్లేట్ల పిచ్చివాడు చేసే పొరపాటు అదే. ఏ అనుమానం వచ్చినా మళ్లీ ముల్లు దించుతాడు. ఈసారి ఈల పాట మధ్యలోనే మొదలైంది. ఇంకోసారి పెట్టాను. ఆర్మోనియం కంటే ముందే వచ్చింది. ఫ్లోరా ఎక్కడో దూరంగా, మూసిన తలుపు అవతల పాడుతున్నట్టుంది... నేను విన్నకొద్దీ నా ఊపిరి ఆవిడ గొంతుని తినేస్తోంది.

"ఏటండీ, ఆయాసమొచ్చిందేటి?" గుమ్మంలో నూకమ్మ. "ఈల ఈదిలోకి ఇనబడతంది."

నేను అప్పుడు ఊపిరి తీసుకోవడం లేదు.

ఆ ప్లేటు ఇంట్లో ఉంచుకోలేను. ఇచ్చేద్దామంటే, సిరి ఆ ఈల వింటుంది. ఇవ్వకపోతే ఆ పిల్లకి తల్లి లేదు. చివరికి పిరికివాడు ఎంచుకునే దారే ఎంచుకున్నాను. కొన్నాళ్లకి ప్రభుదాసు జ్ఞాపకార్థ కూడికకి బయల్దేరుతుంటే నూకమ్మ, "ఎండ కాస్తంటే గొడుగు సంచెందుకు?" అంది. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు దాన్ని ఉన్నచోటే దూర్చాను.

భోజనాలయ్యాయి. జనం వెళ్లిపోయారు. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల్నించి కేక.

"మావయ్యా! దొరికింది! ఇక్కడే ఉంది, ఎన్నిసార్లు చూశానో! నాన్నే పెట్టారు, నాకు తెలుసు..." ఏడుస్తోంది, నవ్వుతోంది. "వెళ్లకండి. మీరూ వినండి."

అప్పుడైనా చెప్పేయొచ్చు. నోరు తెరిచాను కూడా. "సరేనమ్మా," అని మాత్రం వచ్చింది.

సిరి తలుపులు మూసింది, వాళ్ల నాన్నలాగే. ముల్లు దించి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంది.

నూనె చప్పుడు... ఆర్మోనియం లేదు. ఫ్లోరా లేదు. ఈల. పొడుగ్గా, నింపాదిగా, చివర్లో రెండుగా చీలుతూ.

సిరి నుదురు ముడిపడింది. కళ్లు తెరవకుండానే, ఎంతో మర్యాదగా గుసగుసలాడింది.

"మావయ్యా, ఏమనుకోకండి... ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టగలరా? మీ ఈల అడ్డొస్తోంది. అమ్మ వినబడట్లేదు."

బిగబట్టాను.

ఈల ఆగలేదు.

సిరి కళ్లు తెరిచి నా వైపు చూసింది. కదలని నా ఛాతీ వైపు చూసింది. ప్లేటు వైపు చూసింది.

అప్పుడు ఈల ఆగింది. ప్లేటులో ఎవరో గొంతు సవరించుకున్నారు... మాట మొదలుపెట్టబోయేవాడిలా.

ఆ గొంతు నాదే.